జోసెఫ్ అంకుల్‌తో ఎవరూ గొడవపడని సీజన్

నిన్న పొద్దున ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపుతుంటే గ్రేస్ ఆంటీ ఫోన్ చేశారు.

"అంకుల్ వెళ్ళిపోయారమ్మా."

అంతే అన్నారు. ఇంజిన్ ఆపడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాను. ఎన్నో రోజులు లేవని తెలుసు. 

తర్వాత వాట్సాప్ తెరిస్తే మా ఫుట్‌బాల్ గ్రూపు నిండా దండాలే.

'గొప్ప ఫ్యాన్.'
'ఆయన మాట ఎప్పుడూ కరెక్టే.'

ఆ రెండోది చూసి ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. జోసెఫ్ అంకుల్‌ది కాకినాడ. ఈ దేశం వచ్చాక సార్నియా అనే ఊళ్ళో ఒక కెమికల్ ప్లాంట్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నేను ఇక్కడ కాలేజీలో చదివేటప్పుడు వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. నాకు కారు లేదు. మొదటిసారి నన్ను ఊరు దాటించింది ఆయనే, యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి.

మనకి తెలిసిన కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, బంతి చంకలో ఇరికించుకుని, ఎదుటివాళ్ళని గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. వాళ్ళబ్బాయి ఆ యూనివర్సిటీలోనే చదివాడు. అబ్బాయి ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. అంకుల్ ఒక్కటీ వదల్లేదు.

యూనివర్సిటీ పేరు రాయను, మనవాళ్ళకి తెలుసు. ఒకప్పుడు దేశం మొత్తం భయపడిన టీమ్. ఇప్పుడు, అప్పట్లో చితక్కొట్టిన టీమ్‌ల చేతుల్లోనే ఓడిపోతోంది.

సీజన్‌లో ప్రతి వారం దేశంలోని టాప్ టెన్ ర్యాంకింగ్స్ వస్తాయి. రాగానే గ్రూపులో యుద్ధమే. అంకుల్‌ది ఎప్పుడూ ఒకటే వాదన. టీమ్ పని అయిపోయింది, పాత పేరు చూసి ర్యాంక్ ఇస్తున్నారు, ముందు వరసలో నిలబడి అడ్డుకునే పిల్లల్లో దమ్ము లేదు, మంచి ప్లేయర్లందరూ క్యూబెక్ రాష్ట్రం టీమ్‌ల వైపు పోతున్నారు. పిల్లలు కొత్తవాళ్ళు, కాస్త టైమ్ ఇవ్వండి అని నేను. స్కార్‌బరో నుంచి ఒకాయన స్టాట్స్ పట్టుకుని దిగేవాడు. గ్రూపులో పెద్దాయన, రిటైరైన డాక్టర్ గారు, కోచ్‌ని తిట్టేవారు.

అంకుల్ ఒక్కరే అందరితో పోట్లాడేవారు. శనివారం మ్యాచ్‌కి మాత్రం ఆంటీ చేసిన చికెన్ పలావ్ డబ్బా పట్టుకొచ్చి, చలిలో, అదే మనుషుల మధ్య కూర్చునేవారు.

ఈ సెప్టెంబర్‌లో ఆయన్ని ఇక్కడికి గంట దూరంలోనే ఉన్న లండన్ అనే ఊళ్ళో క్యాన్సర్ క్లినిక్ దగ్గర ఎవరో చూశారు. గ్రూపులో అందరికీ తెలిసిపోయింది.

ఆ రోజుతో వాదన ఆగిపోయింది.

అంకుల్ ఏం రాసినా థంబ్స్ అప్. 'మీరు చెప్పిందే నిజం అంకుల్.'

ఒక సాయంత్రం నాకు ఫోన్ చేశారు.

"సుధా, నిన్న కావాలనే తప్పు రాశానమ్మా. మన టీమ్ ఒక్కసారి కూడా ఛాంపియన్‌షిప్ కొట్టలేదని పెట్టా. దానికి కూడా దండాలు పెట్టారు. నేనేమన్నా అప్పుడే పోయానా?"

నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు వినలేకపోయాను.

నేనొక్కదాన్నే వాదించడం మానలేదు. మనసు లేని పిల్ల అన్నారు గ్రూపులో. అననివ్వండి.

ఇక నయం కాదన్నవాళ్ళని చివరి రోజుల్లో చూసుకునే హాస్పిస్‌లో చేర్చాక ఒక మధ్యాహ్నం వెళ్ళాను. డాక్టర్ గారు అప్పటికే మంచం పక్కన ఉన్నారు. ఆ వారం టీమ్ తొమ్మిదో ర్యాంక్‌కి పడిపోయింది. మీరు ముందే చెప్పారు, మేమే వినలేదు అంటున్నారు ఆయన, పసిపిల్లాడిని ఊరుకోబెడుతున్నట్టు.

అంకుల్ మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. అటు తిరిగే నన్నడిగారు.

"నువ్వేమంటావ్?"

"తొమ్మిది అన్యాయం అంకుల్. ఆరులో ఉండాలి."

మోచేతి మీద లేవబోయారు. "ఆరా? ఏం మొహం పెట్టుకుని ఆరు? ఈ సీజన్లో ఎవర్నాపారమ్మా మనోళ్ళు?"

చాలాసేపు వాదించుకున్నాం. మధ్యలో దగ్గొచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలెట్టారు. ఎన్నో వారాల తర్వాత ఆయన గొంతు ఆయన గొంతులా వినిపించింది.

డాక్టర్ గారు నన్ను బయటికి పిలిచారు.

"మనిషి పోతున్నాడు. ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుందమ్మా?"

పేషెంట్ అలిసిపోతున్నారు, ఇక ఆ గదిలో ఫుట్‌బాల్ మాట ఎత్తొద్దని ఆంటీకి చెప్పారు. నన్ను కొన్నాళ్ళు రావద్దన్నారు. ఆంటీ భయపడి సరేనన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు.

మొన్న శనివారం మనవాళ్ళు రెండో ర్యాంక్ టీమ్‌ని ఓడించారు. వర్షంలో, వాళ్ళ గ్రౌండ్‌లోనే. అంకుల్ తిట్టిపోసిన ఆ ముందు వరస పిల్లలు గోడలా నిలబడ్డారు. బంతి విసిరే మన కుర్రాడిని ఒక్కడూ తాకలేకపోయాడు.

అంకుల్‌కి చెప్పమని ఆంటీకి మెసేజ్ పెట్టాను. హాస్పిస్ హడావిడిలో ఆవిడ చూసుకోలేదు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళితే ఆంటీ చెప్పారు. ఆదివారం అంకుల్ స్కోరు అడిగారట. పక్కనే ఉన్న డాక్టర్ గారు, "మీరన్నట్టే ఓడిపోయారు," అన్నారట.

అంకుల్ కళ్ళు మూసుకున్నారట. మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదట.

డాక్టర్ గారూ, మీరిది చదువుతారని తెలుసు. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. ఆయన మాట నెగ్గించి పంపాలనుకున్నారు. కానీ ఆయన అన్నేళ్ళు ఆ చలిలో వచ్చి కూర్చుంది తన మాట తప్పని ఏదో ఒక శనివారం తేలుతుందనే ఆశతో. తేలింది. అది మాత్రం ఆయనకి తెలియనివ్వలేదు.

దీన్ని నేను ఇప్పట్లో క్షమించలేను. గ్రూపులోంచి తీసేస్తే తీసేయండి.

అంకుల్, మనం గెలిచాం. మీ లెక్క శుద్ధ తప్పు.

వెళ్ళిరండి. ఇక ఏ నొప్పీ లేకుండా ఆ ప్రభువు దగ్గర విశ్రాంతిగా ఉండండి. మీరేమన్నా తలూపకుండా ఎదురు చెప్పే మనిషి ఒక్కరైనా అక్కడ మీ పక్కన దొరకాలి.