నా చేతులు వణుకుతాయన్న మాట

పటాన్‌చెరులో లాప్‌టాప్‌లు బాగుచేసే ఒకడు నా చేతులు వణుకుతాయని మా కోడలికి చెప్పాడు. అది అబద్ధం. ఆ రోజే నా స్కూటర్ తాళంచెవి ఆమె బీరువాలోకి పోయింది.

విండోస్ మోయలేని పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేయించుకుని, కార్ఖానా రోజుల సంగతులు టైపు చేసుకుంటున్నాను. రాస్తుండగానే కర్సర్ ఎగిరి ఎక్కడో పైపేరాలో దూరేది; మిగతా అక్షరాలన్నీ అక్కడ పడేవి. చూపిద్దామని కోడలిని వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. నేను టైపు చేయడం వాడు కాసేపు చూసి, నాతో కాదు, ఆమెతో అన్నాడు.

"తాతకు చేతులు వణుకుతున్నయక్కా. ఏడవడితే ఆడ తాకుతున్నడు. టచ్‌ప్యాడ్ బంద్ చేసిన, ఇగ మౌస్ వాడుమను."

వణుకట! కార్ఖానా టూల్‌రూంలో ఆకురాయి పట్టి ఇనుము నునుపు చేసిన చేతులివి. ఆ పనిలో చెయ్యి గాలిలో ఆడకూడదు, అరచెయ్యి దేనికో ఒకదానికి ఆనించాలి. మా మేస్త్రీ వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు. టైపు చేసేటప్పుడూ నా చెయ్యి అలాగే ఆనుతుంది, ఆనినచోట టచ్‌ప్యాడ్ ఉంది, అందుకే కర్సర్ ఎగిరేది. కదలకుండా ఆనించిన చెయ్యిని పట్టుకుని వణుకన్నాడు వాడు.

ఇంటికొచ్చాక చాయ్ సగం కప్పే ఇచ్చారు, ఒలుకుతుందని. తాళంచెవి అడిగితే "బస్సుల పో మామా" అంది కోడలు. జోగిపేటలో మా అక్కను చూడాలన్నా ఇక ఒకరిని బతిమాలుకోవాలి.

నేను బడిలో చదివింది తక్కువ. ఇంగ్లీషు మిషన్ల మీది రేకుపలకలు చూసి నేర్చుకున్నాను. సెట్టింగ్స్‌లో మౌస్, టచ్‌ప్యాడ్ అన్నచోట ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాను. వాడు బంద్ చేసినదాన్ని మళ్లీ ఆన్ చేశాను. దాని కిందే ఇంకొకటి కనబడింది: టైపు చేస్తున్నంతసేపు టచ్‌ప్యాడ్ పనిచేయకుండా ఆపేది. అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి, చెయ్యి ఆనించే రాశాను. కర్సర్ ఒక్కసారీ ఎగరలేదు.

మర్నాడు బస్సెక్కి పోయి లాప్‌టాప్ వాడి బల్ల మీద పెట్టాను.

"సూడు. ఏది వణుకు?"

వాడు చూసి నవ్వాడు. "అరె, గది ఆన్ చేసుడు మర్శిన తాతా. చిన్న సెట్టింగే గద, గింత గరమైతవేంది?"

"నీకు చిన్నదే. ఆడ నా బండి బందయింది. ఏ నోటితోని చెప్పినవో గదే నోటితోని మళ్ల చెప్పు."

కోడలికి ఫోన్ కలిపి వాడి చేతిలో పెట్టాను. దుకాణానికి వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. చూడనీ. వాడు గొంతు తగ్గించి, "తాత చేతులు మంచిగనే ఉన్నయక్కా, తప్పు నాదే" అన్నాడు.

ఫోన్ గుంజుకుని అడిగాను: "ఇన్నవా? మరి నా తాళంచెవి?"

అవతలినుంచి కోడలు అంది:

"గాయన మాట మీద తీయలే మామా. మొన్న బండితోని గేటుకు గుద్దినవ్ గద, గప్పుడే తీద్దామనుకున్న. నీకు చెప్పనీకె నోరు రాలే."