చూసిన కూలి

అరచేతిలో పట్టే ఇనుపముక్క ఎంత బరువుంటుంది? నేను దాన్ని ఎన్నో ఏళ్లు మోశాను. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. తల నెరిశాక మనుమరాలి పలక మీద దిద్ది నేర్చుకున్నాను. కానీ అది సగం నిజమే. రాయడం రాకపోయినా నోరుంది కదా? చెప్పవలసిన మనిషి రోజూ నా ఎదుటే కూర్చుని గటక తిన్నాడు కదా?

మాది వనపర్తి సంతకు పోయే దారిలో వడ్రంగి కొట్టం. నిజాం కాలం. మా ఆయన బండి చక్రాలు బాగుచేసేవాడు. చక్రం ఎంత చెడిందో పైనుంచి చూస్తే తెలియదు. ఇరుసు చివర చక్రం జారకుండా కొట్టిన సీలను పీకి, చక్రం ఊడదీసి, దాని కర్ర ఆకులను ఒక్కొక్కటే సుత్తితో తట్టి చప్పుడు వినాలి. సగం పూట పోతుంది. అప్పుడు ఖర్చు చెబితే, కొందరు విని వెళ్లి వేరేచోట చేయించుకునేవారు. చూసినందుకు కూలి అడగడం మాలో వాడుక కాదు. అడగమని నేను పోరేదాన్ని.

"చూసుడుకు పైసలంటే గరీబోడు బండి చూపియ్యడే," అనేవాడు. "ఇరిగిన చక్రంతోనే పోయి యాడనో పడ్తడు. ఆ పాపం మనకెందుకు?"

"మన పొయ్యిల పిల్లి లేవకుంటే పాపం కాదా?"

ఒక సంతరోజు వీపనగండ్ల వైపు రైతు వచ్చాడు. అంతకుముందూ ఊరికే చూపించుకుని పోయినవాడే. అంతా తట్టించుకుని, ఖర్చు విని నవ్వాడు.

"వడ్లాయనా, రోగం జెప్పుడు నువ్వే, మందు మాత్రం నాగర్‌కర్నూల్ల. ఆడ జర అగ్గువ."

మా ఆయన కూడా నవ్వాడు. "మంచిగ పో పటేలా. బరువెయ్యకు."

చక్రం ఎక్కించి, నా వైపు చూడకుండా చెయ్యి చాపాడు. సీల అందించడం ఎప్పుడూ నా పని. నేనిచ్చింది ఆయన ఎన్నడూ తిప్పి చూసుకోలేదు.

ఆ బండి సీలను చెంగులో దాచుకున్నాను. పాత ఇనుములో పడి ఉన్న అరిగిన సీలకు కందెన పూసి ఆయన చేతిలో పెట్టాను. దాన్నే కొట్టాడు. మంచి సీల మాకు చూసిన కూలి అనుకున్నాను. బండి పడుతుందని అనుకోలేదా? అనుకోలేదని రాయబోతే చెయ్యి ఆగుతోంది. దారిలో చక్రం కదిలితే తిరిగి మా దగ్గరికే వస్తాడు, అప్పుడు తెలిసొస్తుంది అనుకున్నాను. అంతవరకు తెలుసు. అంటే తెలుసు.

వాగు దిగేచోట చక్రం ఊడింది. రైతు కాలు బండి కింద నలిగింది. సాయంత్రానికి కబురొచ్చింది. మా ఆయన సుత్తి కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"సీల నేను సూడకుంట కొట్టిన్నా?"

"ఏమో. నీ కండ్లు మసకైతున్నయి గద," అన్నాను.

నమ్మాడు. పోయేదాకా నమ్మాడు. ఆ రైతుకు ఊరికే ఒక కొత్త చక్రం చేసిచ్చాడు; దాని తర్వాత ఇంకొక చక్రం ముట్టలేదు. నాగలికి మేడి చెక్కినా నాకు చూపించి, "సక్కగున్నదా?" అని అడిగేవాడు. తన కళ్లను వదిలేసి నా కళ్లను నమ్మాడు.

చూసినందుకు కూలి న్యాయమేనని ఇప్పటికీ అంటాను. కానీ నోటితో అడిగి తీసుకోవాలి. నేను ఒకరి కాలు, ఒకరి కళ్లు తీసుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

మరునాటి పొద్దు సంగతి కూడా రాయాలి. ఆ రైతుకు ఊరికే కొత్త చక్రం చేసిస్తానని, మా ఆయన పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. దారికి రొట్టెలు కావాలి. జొన్నల కుండలో చెయ్యి పెడితే, నేను దాచిన సీల వేళ్లకు తగిలింది. దాన్ని ఇంకా అడుక్కి తోశాను. జొన్నలు తీసి, తిరగలిలో విసిరి, రొట్టెలు చేసి, ఉల్లిగడ్డ పెట్టి మూటకట్టి ఇచ్చాను.