రాతి జట్టు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కాళప్పాచారి రోజూ మధ్యాహ్నం అన్నం తిని నాగవేణి కొత్తగా పెట్టిన నెట్ సెంటర్‌కు పోతాడు. కనుబొమల మీది రాతిపొడి కూడా దులుపుకోడు. అక్కడి కంప్యూటర్‌లో వింత జంతువులను పట్టి, ఆరింటిని జట్టు కట్టి, ఎదుటి జట్టుతో కొట్లాడించే ఆట ఉంది. ఆచారి ఆరింటినీ రాతి ఒంటివే ఏరుకున్నాడు. ఏరేముందు ఒక్కోదాన్నీ తెర మీద గోటితో తట్టి చూశాడు, మంచి రాయి మోగినట్టు మోగుతుందేమోనని.

ఆ రోజు ఎదుటి జట్టులోంచి కప్పలాంటిదొకటి వచ్చి నీళ్లు చిమ్మింది. ఆరు రాళ్లూ వరసగా పడిపోయాయి.

"ఇదేందమ్మా! నీళ్లకు రాయి చస్తాదా? నేను చెక్కిన సామికి ముప్పై ఏండ్లుగా దినామూ అభిషేకం చేస్తాండారు. ముక్కు కూడా అరగల్యా!"

"అన్నీ ఒకే రకం పెడితే అంతేన్నా. ఈ ఆటలో రాయి నీళ్లకు ఓడిపోతాది, నీళ్లు గడ్డికి ఓడిపోతాయి. ఒక గడ్డిదాన్ని గూడా పెట్టుకో," అంది నాగవేణి.

"రాయిని గడ్డి కాపాడ్తాదా?"

ఆమె నవ్వింది. ఆచారి నవ్వలేదు.

సాయంత్రం, చెక్కడం పూర్తయిన విగ్రహంలో పగుళ్లు బయటపడతాయేమో చూడటానికి ఎప్పటిలాగే చెంబుతో నీళ్లు ఎత్తాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి, పోయబోయిన చెయ్యి అక్కడే ఆగింది.