గొర్రెలు వేసిన ట్రెక్కింగ్ బాట

నా రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను సిద్దిపేట దగ్గరి ఒక జలాశయానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. అప్పటిదాకా కాలువలు, తూములు, కట్టలు చూసుకున్నవాడిని. చేరిన మర్నాడే మా సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే నాకు రెండు మెట్లు పైనున్న అధికారి, పిలిచి ఒక ఫోటో చూపించారు. కరేబియన్ సముద్రంలో ఏదో దీవి. తెల్లని ఇసుక, నీలి నీళ్లు, వెనక పచ్చని కొండ, కొండ మీదికి సన్నటి నడకదారి. ఆ దీవి పేరు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఎస్టిమేటులో దాని అవసరం రాలేదు. మనకూ నీళ్లున్నాయి, మనకూ గుట్ట ఉంది, కాబట్టి దసరాకల్లా ఒక బీచ్, ఒక ట్రెక్కింగ్ బాట తయారు కావాలన్నారు. సముద్రం ఒక్కటే తక్కువ, దానికి గడువు పెట్టలేదు.

నాకొక సందేహం వచ్చింది. జలాశయం నిండినప్పుడు నీరు నిలిచే మట్టాన్ని ఎఫ్.ఆర్.ఎల్. అంటాం. నీరు ఆ గీత దాకా ఉండేది ఏడాదిలో కొద్ది నెలలే. యాసంగికి, అంటే రబీ పంటకు, కాలువలకు వదిలితే నీరు వెనక్కి పోయి, అడుగునున్న నల్లటి ఒండ్రు బయటపడుతుంది. ఇసుక ఒకచోట, నీళ్లు ఒకచోట అవుతాయని చెప్పాను. "ఫోటోల ఒండ్రు కనవడ్తుందా?" అని ఆయన అడిగారు. కనపడటం లేదని ఒప్పుకున్నాను. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమనే కొలువులో ముప్పై ఏళ్లు గడిపినవాడిని. కట్టేశాను.

బాట కోసం గుట్ట మీద రెండు రోజులు లెవెల్ మిషన్ పెట్టి చూశాం. పది అడుగుల నడకకు ఒక అడుగుకు మించి ఎత్తు పెరగకూడదని మాకిచ్చిన లెక్క. ఎటు గీసినా ఏదో ఒక బండ అడ్డం వచ్చింది. మూడో రోజు మల్లయ్య అనే కాపరి ఎనభై గొర్రెలతో గుట్ట దిగి నీళ్లకు పోతుంటే, వాటి వెనకే నడిచాను. ప్రతి బండ దగ్గరా మలుపు, ఎక్కడా ఆయాసం లేదు. మిషన్ పెట్టి చూస్తే వాలు సరిగ్గా సరిపోయింది. పెంటికల వెంబడే సున్నం గుర్తులు వేయించాను. మల్లయ్యకు నవ్వాగలేదు. "మా గొర్లు వేసిన తొవ్వకు సున్నమెందుకు సారూ, అవి మర్సిపోతయనా?" అన్నాడు.

మా పద్ధతి ప్రకారం సర్వే డ్రాయింగులో అప్పటికే ఉన్న బావులు, స్తంభాలు, పాత బాటలు చూపాలి. పాత బాటను మూసేటట్టయితే మరో దారి ఇవ్వాలి. నేను 'గొర్రెల బాట' అని రాశాను. పైఅధికారి చూసి, "గొర్ల బాట అంటే టూరిస్టులొస్తరా? తీసెయ్" అన్నారు. పెన్షన్ కాగితాలు ఆయన బల్ల మీదుగానే పోవాలి. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కాను. పాత బాట మాయమై, అదే గీత మీద 'ప్రతిపాదిత ట్రెక్కింగ్ బాట' వచ్చింది. చుట్టూ కంచె, ముందు టికెట్టు కిటికీ. జలాశయం కట్ట మీదుగా నీళ్లకు దిగుదామంటే అక్కడ పేర్చిన రాళ్లలో గొర్రెల కాళ్లు ఇరుక్కుంటాయి కనుక, మల్లయ్య మందకు గుట్ట చుట్టూ తిరిగే దారొక్కటే మిగిలింది. పోను గంటన్నర, రాను గంటన్నర. ఆ సంగతి నాకు తెలుసు.

దసరాకు ప్రారంభం జరిగింది. నీళ్లు నిండుగా ఉన్నాయి, ఫోటోలు బాగా వచ్చాయి, నాకు శాలువా కప్పారు.

ఏప్రిల్‌లో తనిఖీకి పోయాను. రంగుల గొడుగులు ఇసుకలో ఉన్నాయి, నీళ్లు మూడు వందల అడుగుల దూరాన ఉన్నాయి. ఎంత వెనక్కి పోయాయో కొలుద్దామని దిగి, మోకాలి దాకా ఒండ్రులో దిగబడ్డాను. కాలు లాగితే చెప్పు రాలేదు. కంచె అవతలి నుంచి మల్లయ్య కేకేశాడు. "ఎడమకు మల్లు సారూ! గాడ రాయి ఉంటది, దాని ఎంబడి రా!" ఆయన చెప్పినట్టే నడిచి బయటపడ్డాను.

గొర్రెలు బాగున్నాయా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "సగం అంగడికి కొట్టిన. ఎండల గంత దూరం నడువలేక సూడి గొర్లు పడిపోవట్టె. నువ్వు మంచిగనే గీసినవ్ సారూ, గీసెటప్పుడు మమ్ముల ఒక్కమాటన్న అడుగకపోతివి" అన్నాడు. కోపంగా తిట్టినా బాగుండేది. బురద కాళ్లతో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారమే కంచెకు ఒక గేటు కావాలని ప్రతిపాదన పంపాను. డ్రాయింగులో 'గొర్రెల బాట' అని మళ్లీ రాశాను. నా పెన్షన్ కాగితాలకు నెమ్మదిగా అనారోగ్యం మొదలైంది. గేటు ఫైలు పదకొండు సంతకాలు చేయించుకుని ఏడు నెలలకు తిరిగొచ్చింది. ఎనభై గొర్రెల మంద ఆగకుండా దాటేంత వెడల్పుతో గేటు పెట్టించాను. తెరిచిన రోజు మల్లయ్య అందులోంచి తొమ్మిది గొర్రెలను తోలుకుపోయాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. స్థలంలో ఉన్న గీతను కాగితం మీద చెరపకండి. చెరిపాక మళ్లీ గీయొచ్చు. నడిచేవాళ్లు అప్పటిదాకా ఆగలేరు.