మా అన్న వ్యాను, మా నాయన కయ్య

ఇది ఒక మహావీరుడి చరిత్ర. బర్మా సరిహద్దులో బాంబుల మధ్య దూసుకుపోయి, ఏనుగులు కూడా వెనకడుగు వేసిన బురదలో సిపాయిలను మోసి, యుద్ధం ముగిశాక నెల్లూరు సముద్రతీరంలో ఒక కుటుంబాన్ని ఉద్ధరించడానికి వచ్చి, చివరికి భక్తుల పాటల మధ్య నేలకొరిగిన వీరుడి చరిత్ర. పర్వాలుగా విడగొట్టి, పర్వానికొక పేరు పెట్టి చెప్పదగ్గది.

అంత లేదు. అదొక పాత మిలిటరీ వ్యాను. బర్మా సంగతి మద్రాసులో దాన్ని మా అన్నకు అంటగట్టిన దళారి చెప్పాడు. అన్న నమ్మాడు. నా ఎరుకలో అది విడవలూరు నుంచి కోవూరు దాకా కూడా ఆగకుండా పోయిన రోజులు తక్కువ కాబట్టి బర్మా మీద నాకు మొదటి నుంచీ అనుమానమే.

ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక చెక్కల తొట్టి. కాగితాల్లో పికప్ అని ఉండేది. ఊరంతా వ్యాను అనేవాళ్ళు. మా వదిన మాత్రం "మా సవతి" అనేది. పల్లెపాళెంలో పొద్దున్నే వలలు ఒడ్డుకు చేరాక, చేపల గంపల్లో ఐసు, ఊక వేసి, ఎండ ముదిరేలోపల నెల్లూరు మార్కెట్టుకు చేర్చడం దాని పని. దాన్ని కొనడానికి అన్న మా ఎద్దుల జతను అమ్మేశాడు. ఇక మాకు మిగిలింది ఊరి కాలవ పక్కన ఒక్క వరి కయ్య. మేం తినే అన్నం ఆ కయ్యలో పండిన వడ్లదే. అది మా నాయన చేతిలో ఉన్నంత కాలం అన్న ఎన్ని వ్యాపారాలు చేసినా మాకు ఆకలి భయం లేదు.

నేను ఆ ఏడు నెల్లూరులో పి.యు.సి. తప్పి ఇంటికొచ్చాను. తప్పినవాడు ఖాళీగా కూర్చుంటే చెడిపోతాడని అన్న నన్ను వ్యానుకు క్లీనరుగా పెట్టుకున్నాడు. హ్యాండిల్ తిప్పి ఇంజను లేపడం, ఆగిపోతే తొయ్యడం నా ఉద్యోగం. రెండో పనిలో నాకు త్వరగా అనుభవం వచ్చింది.

మాది క్రైస్తవ సంఘంలో పాత కుటుంబం. మా ఇళ్ళలో ఏ మేలు జరిగినా కృతజ్ఞత కూటం పెడతాం. బిడ్డ పుట్టినా, జ్వరం తగ్గినా పాస్టరుగారు వచ్చి వాక్యం చెబుతారు, పాటలు పాడుకుంటాం, ఆఖర్న శనగ గుగ్గిళ్ళూ టీ. వ్యాను మొదటిసారి రిపేరై ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ సంతోషం పట్టలేక కూటం పెట్టింది. అక్కడే చిక్కుపడ్డాం. మొదటిసారి పెట్టి రెండోసారి మానేస్తే దేవుడు ఏమనుకుంటాడు? అప్పటి నుంచి ప్రతి రిపేరుకూ రెండు ఖర్చులు: మేస్త్రీ ఖర్చు, శనగల ఖర్చు.

మా వాళ్ళు ప్రార్థనలో ఏదీ దాచరు, పొందిన మేలును పేరు పెట్టి చెప్పుకుంటారు. అందువల్ల ఏడాది తిరిగేసరికి అక్షరం ముక్క రాని అవ్వలకు కూడా ఇంజను భాగాలన్నీ వచ్చేశాయి. "తండ్రీ, డైనమోను ముట్టి బాగుచేసితివి. ఫ్యూయలు పంపునకు స్వస్థత నిచ్చితివి. కార్బురేటరును నీ రెక్కల నీడలో దాచుకో" అని ఒకామె కళ్ళు మూసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, నేను తల వంచుకుని గుగ్గిళ్ళ పళ్ళెం వైపు చూసేవాణ్ణి. నవ్వితే నాయన చెయ్యి ఎంత దూరం సాగుతుందో నాకు తెలుసు.

మేస్త్రీ షెడ్డు నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద ఉండేది. ఆయన మద్రాసులో పని నేర్చుకున్నాడు. అందుకేనేమో ప్రతి సామానూ మద్రాసు నుంచే రావాలనేవాడు.

"ఇంకొక్క సామాను పడితే సామీ, బండి గుర్రమే" అనేవాడు.

"పోయిన తడవ కూడా గుర్రమే అన్నావు గదా మేస్త్రీ" అన్నాను ఒకసారి.

"గుర్రమే. అప్పుడు కాళ్ళకు లాడాలు కొట్టినాం. ఇప్పుడు గుండె చూస్తా ఉండాం."

"తోక యెప్పుడు చూస్తావు?"

"నువ్వు నోరు మూసుకోని ఆ స్పానరు ఇట్ట పట్టుకోరా" అన్నాడు అన్న.

షెడ్డులో కూర్చోవడానికి ఒక పాత టైరు ఉండేది. దాని మీద కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. రోడ్డు దాకా పోయి వచ్చేవాణ్ణి, టీ కొట్టు దాకా పోయి వచ్చేవాణ్ణి, మళ్ళీ టైరు. అన్నయితే కూర్చునేవాడే కాదు. వ్యాను చుట్టూ తిరుగుతూ, మేస్త్రీ భుజం మీది నుంచి తొంగిచూస్తూ, గంపలు తడిమి చూస్తూ ఉండేవాడు. తొట్టిలోంచి ఐసు నీళ్ళు చుక్క చుక్కగా కారుతుంటే మాకు ప్రతి చుక్కా వినపడేది. మద్రాసు నుంచి సామాను తెస్తున్న లారీ నాయుడుపేటలో ఆగిందనీ, డ్రైవరు భోంచేస్తున్నాడనీ ఒకసారి కబురొచ్చింది. ఆ డ్రైవరు మర్నాటి సాయంత్రం దాకా భోంచేశాడు. ఆ చేపలు మార్కెట్టుకు పోలేదు. మా వీధిలో పిల్లులకు పోయాయి. వాటికి కూటం పెట్టే అలవాటు ఉంటే ఆ రోజు పెట్టుకుని ఉండేవి.

ఇంట్లో కూడా అందరికీ చెవులే పని చేసేవి. వ్యాను వీధి మలుపు తిరిగే శబ్దం కోసం అమ్మ పొయ్యి దగ్గర గరిటె ఆపేది. ఇంజను దగ్గితే నాయన కంచంలో చెయ్యి ఆగిపోయేది. ఇంట్లో ఎవరైనా నిజంగా దగ్గితే మాత్రం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు.

ఆదివారాలు వ్యానుకు వేరే పని. చుట్టుపక్కల ఊళ్ళలో ఆరాధన ఉంటే మా సంఘం ఆడవాళ్ళను, పాస్టరుగారిని తొట్టిలో చాపలు పరిచి ఎక్కించుకుపోయేవాళ్ళం. మొదటి ఆదివారమే వదిన ముక్కు మూసుకుంది.

"దేవుని మందిరానికి చేపల గంపలో కూర్చోని పోయేదా? కడిగితే యెక్కుతా, లేకపోతే నడుస్తా" అంది.

దాంతో ప్రతి శనివారం సాయంత్రం వ్యానుకు స్నానం ఏర్పాటయింది. ఊరి కాలవలో కడగబోతే రైతులు కర్రలు పట్టుకొచ్చారు. "మేం తాగే నీళ్ళల్లో మీ చేపల కంపు కలుపుతారా?" అన్నారు. అదీ న్యాయమే. అందుకని సముద్రం వైపు, పడవలు తిరిగే ఉప్పుకాలవకు తీసుకుపోయేవాళ్ళం. అన్న వ్యానును ఇరుసులు మునిగేదాకా నీళ్ళలోకి దించేవాడు. ఇద్దరం బొక్కెనలతో నీళ్ళు చిమ్మి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడిగేవాళ్ళం.

"పైన కడిగితే సరిపోదురా. కిందికి దూరి అడుగు గూడా బాగా తడుపు. దేవుడు అడుగు గూడా చూస్తాడు" అనేవాడు అన్న.

నేను కిందికి దూరి, చట్రానికీ కమ్మీలకూ సందు సందునా నీళ్ళు పట్టించేవాణ్ణి. మా తాలూకాలోనే అంత శుభ్రమైన వ్యాను లేదని పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలోనే చెప్పారు. అన్న ఆ వారమంతా తల ఎత్తుకుని నడిచాడు.

అలా మూడో వేసవి వచ్చేసరికి వ్యాను పొగ తప్ప ఇంకేమీ వదలని స్థితికి వచ్చింది. మేస్త్రీ ఇంజను మీద చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఊపాడు.

"సిలిండర్లు అరిగిపోయినాయి, బోరు కొట్టాల సామీ. ఇంజను మొత్తం దించాల. ఆ తర్వాత..."

"గుర్రమే" అన్నాను నేను.

ఆయన చెప్పిన ఖర్చు వింటే కయ్య గుర్తొచ్చింది. అన్నకు కూడా అదే గుర్తొచ్చిందని దారిలో అతను మాట్లాడకపోవడం వల్ల తెలిసింది. ఇంటికి పోయి, నాయన అన్నం తింటుండగా అడిగేశాడు.

"కయ్య అమ్మితే ఇంజను కొత్తదయిపోద్ది నాయనా. రెండేళ్ళల్లో ఇంతకు మించిన కయ్య కొంటా."

"ఎద్దుల్ని అమ్మేటప్పుడు గూడా ఇదే చెప్పినావు. యాడుండాయి ఎద్దులు?"

"ఈసారి ఇంజను పూర్తిగా బాగయితే..."

"ఇంజను బాగయిందని పోయిన నెలే గదరా నేను మోకాళ్ళ మీద పడి స్తుతి చేసింది. నాతో దేవుడి ముందర అబద్ధం ఆడించినావా?"

"గుగ్గిళ్ళు ఉడకేసింది నేను" అంది వదిన లోపల్నించి.

"కయ్య పోతే మనకింక రోజూ గుగ్గిళ్ళే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మామూలుగా అమ్మయినా నవ్వేది. ఆమె వడ్ల గాదె వైపు చూస్తూ కూర్చుంది. నాయన చెయ్యి కడుక్కుని వచ్చి, "సోమవారం రమ్మను మిల్లు ఆసామిని" అన్నాడు.

మా ఊరి బియ్యం మిల్లు ఆసామికి ఆ కయ్య మీద ఎప్పటినుంచో కన్ను. సోమవారం దాకా ఆగలేక శనివారమే గొడుగు వేసుకుని వచ్చి గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. మట్టి గడ్డ తీసి చిదిమి చూశాడు. ఆయన పోయాక నాయన పార పట్టుకుని కయ్యకు నీళ్ళు మళ్ళించడం మొదలుపెట్టాడు.

"అమ్మబొయ్యే కయ్యకు నీళ్ళెందుకు నాయనా?" అన్నాను.

"అమ్ముతా ఉండామని దానికి తెలవదు గదా అబ్బయా."

సరిగ్గా అప్పుడే నాయన గట్టు మీద కాలు జారి బురదలో కూర్చున్నాడు. పార నేనందుకున్నాను.

మర్నాడు ఆదివారం. కొడవలూరు వైపు ఒక ఊళ్ళో ఆరాధన. తళతళా మెరిసిపోతున్న వ్యానులో, చాపల మీద అవ్వలూ, వదినా, మధ్యలో పాస్టరుగారూ, ఒక మూల నాయనా. ముందు అన్నా, నేనూ. ఆ రోజు ఇంజను ఒక్క దెబ్బకే లేచింది. పొగ లేదు, దగ్గు లేదు. ఎద్దుల బళ్ళను దాటుకుంటూ పోతున్నాం. వెనక పాట ఎత్తుకున్నారు.

"వింటా ఉండావా?" అన్నాడు అన్న. ముఖం వెలిగిపోతోంది. "బోరు గూడా అక్కర్లేదేమో. ఎట్ట పోతా ఉండాదో చూడు!"

ముందర కాలవ మీది తూము వచ్చింది. చిన్న ఎత్తు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కాయి. మా వీపుల వెనక, నానిన కట్టె విరిగినట్టు ఒక చప్పుడు. వ్యాను నడుము దగ్గర విరిగి, ఉయ్యాలలాగా కిందికి కుంగింది. అవ్వలందరూ మెల్లగా మధ్యకు జారి పాస్టరుగారి మీద చేరారు. ఆగమని పాటకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ చరణం పూర్తయ్యాకే ఆగింది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. పాస్టరుగారి కళ్ళజోడు మాత్రం వంకర పోయింది.

ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. హాయిగా, పిల్లి గురకలాగా.

నేను కిందికి దూరి చూశాను. అలవాటైన చోటే. చట్రం కమ్మీని పట్టుకుంటే తుప్పు పట్టి, వేయించిన అప్పడంలాగా పొరలు పొరలుగా చేతికి ఊడి వచ్చింది. ఒక ముక్క తెచ్చి నాయనకిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుకకు ఆనించి, ఉమ్మేశాడు.

"ఉప్పురా" అన్నాడు.

వదిన చీర దులుపుకుంటూ, "శుభ్రంగా కడగమన్నా గాని ఉప్పులో ఊరబెట్టమన్నానా? చేపల్నేమో ఐసులో పెట్టి కాపాడినారు, వ్యానును పట్టి ఉప్పుచేప చేసినారు!" అంది.

అన్న దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాయన కిటికీ దగ్గరికి పోయాడు.

"ఇంజను బాగుంది నాయనా, చూడు" అన్నాడు అన్న.

"బాగుంది. ఆపి దిగు."

అన్న ఆపాడు. కాలవలో నీళ్ళు పారడం వినపడింది. నాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. మా ఇంట్లో అది మామూలుగా జరిగే పని కాదు. "నడుము ఇరిగినదానికి గుండె మార్చి ఏం లాభం రా? రేపు మిల్లు ఆసామికి కయ్య అమ్మడం లేదని చెప్పొచ్చేది నువ్వే" అన్నాడు.

"సరే" అన్నాడు అన్న. అతను ఏడుస్తున్నాడేమో అని నేను చూడబోయాను. తల అటు తిప్పేసుకున్నాడు.

మిగతా దారి అందరం నడిచాం. డైనమోకు ప్రార్థన చేసిన అవ్వ నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ అడిగింది.

"కూటం యెప్పుడు పెడతారు అబ్బయా?"

"దేనికవ్వా? వ్యాను ఇరిగినందుకా?"

"కయ్య మిగల్లేదా?"



కూటం పెట్టాం. నాయన ప్రార్థనలో మొదటిసారి ఒక్క సామాను పేరు కూడా రాలేదు. గుగ్గిళ్ళలో ఉప్పు ఎక్కువైంది. వదినను ఏమీ అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇంజనును మేస్త్రీ కొనుక్కున్నాడు. "పాత ఇనుము ధరే సామీ" అన్నాడు. గుర్రం మాట ఎత్తలేదు. ఆ డబ్బుకు ఇంకొంచెం చేర్చి ఒక జత కుర్ర ఎద్దులను తెచ్చాం. వెనక ఇరుసునూ రెండు చక్రాలనూ వడ్రంగి చేత చెక్కబండికి బిగించి టైరు బండి చేయించాం. ఇప్పుడు అన్న దాని మీదే చేపల గంపలు బస్సు దాకా తోలుకుపోతున్నాడు. కొన్నాళ్ళు దారిలో ఉన్నట్టుండి బండి ఆపి, చెవి వంచి ఏదో వినేవాడు. వినడానికి అందులో ఏమీ లేదు. నెలకొకసారి ఇరుసుకు గ్రీజు పెడితే చాలు.