బోర్డు మీది బిళ్ళ

కంప్యూటర్ టీచర్‌నని చెప్పగానే నాకు కంప్యూటర్లంటే ప్రాణం అనుకుంటారు. నిజానికి వాటితో నాకున్నంత తగాదా ఇంకెవరికీ ఉండదు. కరీంనగర్‌లో మా బడి ల్యాబులో ఉన్న యంత్రాలన్నీ సరిగ్గా పిల్లల పరీక్ష మొదలయ్యే వేళకే అప్‌డేట్ పెట్టుకుంటాయి. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ, దయచేసి కంప్యూటర్‌ను ఆపవద్దు అని రాసి ఉంటుంది. నిన్నెవరు ఆపారమ్మా, నువ్వే కదా మమ్మల్ని ఆపింది! ఇక పాస్‌వర్డుల సంగతి చెప్పనే వద్దు. అంకె ఉండాలంటుంది, గుర్తు ఉండాలంటుంది, అన్నీ పెట్టి ముస్తాబు చేసి ఇస్తే ఇది పాతదే కదా అని మొహం మీద కొడుతుంది. పాతదైతే నిన్న ఎందుకు తీసుకోలేదో మాత్రం చెప్పదు.

ఇంత తిట్టుకుంటూ కూడా నేను వీడియో గేములు ఆడతాను. బళ్ళో పిల్లలకు ఈ సంగతి తెలియదు, తెలిస్తే నా మాట ఒక్కరూ వినరు. తుపాకులు కాల్చేవి, కార్లు గుద్దేవి నాకు పడవు. నేలను గడ్డలు గడ్డలుగా తవ్వుకుంటూ పోయి, ఆ గడ్డలతోనే ఇల్లో వంతెనో కట్టుకునే ఆట ఒకటుంది. అందులో ఎవరూ తొందర పెట్టరు. ఒక కొండ పక్కన చిన్న ఇల్లు కట్టుకుని, చుట్టూ గోధుమ చేను వేసుకుని, సాయంత్రాలు అక్కడ గడిపేదాన్ని. వేసవి సెలవులకు శ్రీరాంపూర్‌లో మా అవ్వాబాపుల దగ్గరికి, అంటే అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా ల్యాపుటాపు వెంట ఉండాల్సిందే.

"గింత పెద్దగైనవు, ఇంకా గీ ఆటలేందే?" అనేది అవ్వ. తను మాత్రం సీరియల్ వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగినా లేవదు.

మా బాపు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు. బాపుది సపోర్ట్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం, పైన అడ్డంగా దిమ్మెలు బిగించడం. ఈ ముక్క కూడా బాపు చెప్పగా తెలిసింది కాదు, క్వార్టర్స్‌లో పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నది. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"బాయిల ఏముంటది బాపూ?"

"ఏముంటది బిడ్డా, చీకటుంటది."

అంతే. మంచి మనిషి, పల్లెత్తు మాట అనడు, కానీ మాట బయటికి రావాలంటే గగనం. రిటైరయ్యాక అదీ తగ్గింది. పొద్దున్నే అలవాటు కొద్దీ మొదటి షిఫ్టు వేళకు లేచి, స్నానం చేసి, కుర్చీలో కూర్చునేవాడు. నేను ఫోన్ చేస్తే "మంచిగున్నవా? ఇగో మీ అవ్వకిస్తున్న" అని ఇచ్చేసేవాడు. ఆ రెండు మాటల తర్వాత నాకు ఏడుపొచ్చేది, అవ్వ గొంతు వినగానే ఆపుకునేదాన్ని.

ఆ వేసవిలో ఒక సాయంత్రం నేను ఆటలో గుహ తవ్వుతున్నాను. బాపు నీళ్ళ చెంబుతో వెనకగా వెళ్తూ ఆగాడు. చాలాసేపు చూశాడు. నేను పట్టించుకోనట్టే తవ్వుకుంటూ పోయాను.

"కప్పు ఎవలు చూసిండ్రు?" అన్నాడు.

"ఏం కప్పు?"

"నీ నెత్తి మీద కప్పు. తట్టి చూసినవా? దుంగలేవి?"

"ఇందుల కప్పు కూలది బాపూ. ఆట గదా."

"కూలదని ఎవలన్న రాసిచ్చిండ్రా? జర జరుగు."

చెంబు కింద పెట్టి కూర్చున్నాడు. మౌస్ పట్టుకోవడం రాదు, ఎలుక పారిపోతుందన్నట్టు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. పైకప్పును తట్టి చూద్దామని నొక్కితే అక్కడి గడ్డ కాస్తా ఊడి మాయమైంది. "సూశినవా, ఎంత బోలుగున్నదో" అన్నాడు నా వైపు తిరిగి. నాకు నవ్వాగలేదు. ఆ ఆటలో ఏది నొక్కినా ఊడుతుందని చెప్పినా నమ్మలేదు. చెట్లు నరకడం నేర్పించమన్నాడు, దుంగలు చేయడం నేర్పించమన్నాడు. అవ్వ అన్నానికి పిలిచే సరికి నా గుహ పొడవునా అటొక దుంగ, ఇటొక దుంగ, పైన అడ్డ దిమ్మె. ఆటకు ఆ దుంగలతో పైసా ప్రయోజనం లేదు. అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బాపుకు మాత్రం అవి లేకుండా ఒక్క అడుగు ముందుకు పడదు.

సెలవులు అయిపోయాక నేను కాలేజీలో వాడిన పాత కంప్యూటర్‌ను దుమ్ము దులిపి బాపుకు పెట్టి వచ్చాను. ఇద్దరం వేర్వేరు ఊళ్ళ నుంచి ఒకే లోకంలోకి వెళ్ళి ఆడుకునేలా ఇంటర్నెట్‌లో ఒక చోటు తీసుకున్నాను. అందులో చేరడం బాపుకు ఒక పట్టాన కుదరలేదు. మీరు మనిషేనని నిరూపించుకోండి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచుకోండి అని అడిగింది. "ఇన్నేండ్లు బొగ్గు తీస్తే గూడ మనిషినని నమ్ముతలేదా ఇది?" అని ఫోన్‌లో విసుక్కున్నాడు. అంత పొడుగు వాక్యం బాపు నోట అంతకు ముందు నేను వినలేదు. ఆ యంత్రానికి మనసులో దండం పెట్టుకున్నాను.

అట్లా మొదలైంది. రోజూ సాయంత్రం ఏడింటికి నేను కరీంనగర్‌లో, బాపు శ్రీరాంపూర్‌లో, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని ఆడేవాళ్ళం. వెనక అవ్వ సీరియల్ వినిపిస్తూ ఉండేది. నా గోధుమ చేను పక్కన బాపు బాయి తయారైంది. లోపలికి దిగే మెట్లు, మలుపు మలుపుకూ దుంగలు, గాలి రావడానికి పైదాకా ఒక సన్నటి దారి. బాపు మాట్లాడేవాడు. "ఈడ నీళ్ళూరుతయి, చెయ్యి పెట్టకు", "గా మూల తవ్వకు, కప్పు మంచిగ లేదు." అవన్నీ ఆటలో లేని సంగతులు. ఏ చోటివో ఎప్పటివో నాకు తెలియదు, అడిగితే ఆపేస్తాడేమోనని అడగలేదు.

ఒకరోజు వెళ్ళేసరికి బాయి మొగదల పక్కన కొత్తగా ఒక గది ఉంది. లోపల గోడకు చెక్క బోర్డు, దాని మీద రెండు బిళ్ళలు తగిలించే చోట్లు, పక్కన పెట్టెలో దివిటీలు.

"ల్యాంపు రూం" అన్నాడు బాపు. "బిళ్ళ బోర్డుకు పెట్టు, దీపం తీస్కో, దిగు. పైకొచ్చినంక దీపం పెట్టు, బిళ్ళ తీస్కో. బోర్డు మీద బిళ్ళ ఉన్నదంటే మనిషి కిందున్నట్టు."

నాకు పసుపు బిళ్ళ, తనకు రాగి రంగుది. నా బిళ్ళకు బదులు గులాబీ పువ్వు పెడతానంటే ఒప్పుకోలేదు. బాయి మీద పరాచికాలు పనికిరావన్నాడు.

బాపుకు చెప్పలేదు గానీ, అసలు బోర్డును నేను చిన్నప్పుడు చూశాను. బాపు మొదటి షిఫ్టుకు పోయిన ఒక రోజు, మా వరసలో అందరి ఇళ్ళకూ మనుషులు వచ్చేసినా బాపు రాలేదు. అవ్వ పొయ్యి ఆర్పేసి, నా చెయ్యి పట్టుకుని బాయి మీదికి నడిచింది. ల్యాంపు రూం కిటికీలోంచి బోర్డు కనబడుతోంది. ఆ షిఫ్టువాళ్ళవి ఖాళీ మేకులు, బాపు నంబరు బిళ్ళ మాత్రం దాని మేకుకు అట్లాగే వేలాడుతోంది. అవ్వ ఏడవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. నా చెయ్యి మాత్రం నొప్పి పుట్టేలా పట్టుకుని ఆ బిళ్ళనే చూస్తూ నిలబడింది. పొద్దు గూకే వేళకు బాపు పైకి వచ్చాడు. మమ్మల్ని చూసి ముఖం చిట్లించి, "పొల్లను దీస్కొని ఈడికెందుకొచ్చినవ్? నడువుండ్రి ఇంటికి" అని కసురుకున్నాడు. కప్పు కొంచెం కూలిందట, ఎవరికీ ఏమీ కాలేదట. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆటలో ఉన్న పద్ధతి ఏమిటంటే, మధ్యలో బయటికి వచ్చేస్తే మన బొమ్మ మాయమవుతుంది, మళ్ళీ వెళ్ళినప్పుడు వదిలిన చోటే నిలబడి ఉంటుంది. ఒక సాయంత్రం బాయి అడుగున ఉండగా మా ఇంటి ఓనరమ్మ పిలిచిందని ల్యాపుటాపు మూసేశాను. మళ్ళీ తెరవలేదు. మర్నాడు ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే ఫోన్ మోగింది. బడి వేళలో బాపు ఎన్నడూ చేయడు. వరండాలోకి పరుగెత్తాను.

"ఏమైంది బాపూ? అవ్వ మంచిగుందా?"

"నీ బిళ్ళ బోర్డు మీదనే ఉన్నది."

"ఆఁ?"

"రాత్రి కెల్లి ఉన్నది. పైకి రాలే నువ్వు."

అవ్వ ఫోన్ లాక్కుంది. "పొద్దుగాల్నుంచి గా డబ్బ ముందట్నే కూసున్నడే. చాయ తాగమంటే తాగుతలేడు. నువ్వన్న చెప్పు, పరేషాన్ చేస్తుండు."

"బాపూ, నేను ఈడ బళ్ళె ఉన్న, మంచిగున్న" అన్నాను. "ఎర్కనే" అన్నాడు బాపు, చిన్నబోయిన గొంతుతో. తెలిసీ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం మానేసి, ల్యాబులో తలుపు దగ్గరగా వేసుకుని, పిల్లల కంప్యూటర్‌లో ఆట తెరిచి మెట్లెక్కి పైకి వచ్చాను. ఇన్నాళ్ళూ పిల్లలను ల్యాబులో ఆటలాడొద్దని బెదిరించిన దాన్ని నేనే. బిళ్ళ తీసుకున్నాను. ఫోన్‌లో బాపు "మంచిది" అన్నాడు, వెనక గ్లాసు చప్పుడైంది.

పోయిన వానాకాలం చివర్లో ఒక నోటీసు వచ్చింది. మా లోకం ఉన్న ఆ చోటును నడిపేవాళ్ళు దాన్ని మూసేస్తున్నారట. ఇన్నాళ్ళూ ఆదరించినందుకు ధన్యవాదాలట. ఆదివారం రాత్రి వరకే గడువు. కాపీ దించుకునే వీలేమైనా ఉందేమోనని నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. వాళ్ళకు రాస్తే మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని జవాబొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. కానీ కోపం కంటే భయమే ఎక్కువ. మా ఇద్దరికీ మాట కలిసింది ఆ బాయిలోనే. అది పోతే మళ్ళీ "ఇగో మీ అవ్వకిస్తున్న" దగ్గరికి వెళ్ళిపోతాం. కొత్త లోకం మొదలుపెడదామని అన్నాను. "చూద్దాం" అన్నాడు బాపు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

ఆదివారం సాయంత్రం ఇద్దరం బిళ్ళలు పెట్టి దిగాం. బాపు ఒక్కో దుంగ దగ్గర ఆగి చూసుకుంటూ నడిచాడు. అన్నిటికంటే కింది గదికి చేరామో లేదో, బయట ఒకటే ఉరుము, మా వీధిలో కరెంటు పోయింది. నెట్ పోయింది, స్పీకర్లో ఉన్న ఫోన్ కూడా కట్టయింది. తెర మీద మళ్ళీ ఆ చక్రం.

ఫోన్ మోగింది. "ఏడున్నవ్? కనవడ్తలేవు."

"కరెంట్ వోయింది బాపూ. నువ్వు పైకి వో. ఎట్లయిన బందైతది గదా, ఏం గాదు."

"నీ బిళ్ళ బోర్డు మీదున్నది బిడ్డా."

"బాపూ, అది ఆట."

"నువ్వు రా. నేను ఈడనే నిలవడ్త."

ల్యాపుటాపులో చార్జింగ్ కొంచెమే ఉంది. ఫోన్‌లోంచి నెట్ ఇచ్చుకుంటే సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. పాస్‌వర్డ్ తప్పన్నది. మళ్ళీ కొట్టాను. మీరు మనిషేనా అన్నది. మనిషినే, తల్లీ, మనిషినే అని పైకే అరిచాను. తలుపు తెరుచుకున్నట్టు ఆ గది వచ్చింది. బాపు బొమ్మ దివిటీ పట్టుకుని, నేను మాయమైన చోటికి ఎదురుగా నిలబడి ఉంది.

"వచ్చినవా? నడువు, ముందుగాల నువ్వు నడువు."

నేను ముందు, బాపు వెనక. మెట్లన్నీ ఎక్కి ల్యాంపు రూంలోకి వచ్చాం. దివిటీ పెట్టెలో పెట్టాను, పసుపు బిళ్ళ తీసుకున్నాను. బాపు తనది తీసుకున్నాడు. బోర్డు ఖాళీ అయింది. కొంతసేపటికి తెర బూడిద రంగుకు తిరిగి, ఈ లోకం ఇక అందుబాటులో లేదు అని వచ్చింది.

నేను ఏడుస్తున్నట్టు బాపుకు తెలుస్తూనే ఉంటుంది. ఫోన్‌లో అవ్వ సీరియల్ పాట వినిపిస్తోంది.

"బిడ్డా" అన్నాడు. "నువ్వు చిన్నగున్నప్పుడు ఓ దినం నేను బాయిల్కెల్లి రాకుంటె, నువ్వు మీ అవ్వ వచ్చి బోర్డు కాడ నిలవడ్డరు. యాదికున్నదా?"

"ఉన్నది బాపూ."

"మిమ్ముల గాడ జూసి కోపం చేసిన. ఎందుకొచ్చిండ్రు, నేనొస్త గదా అనుకున్న." అన్నాడు. "నేనెప్పుడు కిందనే ఉంటి. పైన నిలవడుడు ఎట్లుంటదో నాకేమెర్క. గీ ఆటల నీ బిళ్ళను జూసినంకనే ఎర్కైంది."

సీరియల్ చప్పుడు ఆగిపోయింది. అవ్వ టీవీ ఆపేసినట్టుంది. ఎవరూ పిలవకుండా సీరియల్ మధ్యలో అవ్వ టీవీ ఆపడం నేనెరగను. కొంచెం దూరం నుంచి ఆమె గొంతు వినబడింది.

"షిఫ్టుకు వోయినన్ని దినాలు నిలవడ్డ" అంది. "ఇంటికాడ్నే నిలవడ్డ."

బాపు ఏమన్నాడో నాకు వినపడలేదు, ఫోన్ పక్కన పెట్టినట్టున్నాడు. నేను పెట్టేశాను. అక్కడ నాకేం పని?

మర్నాడు సాయంత్రం ఏడయ్యేసరికి చేతులు ఊరికే ల్యాపుటాపు మీదికి వెళ్ళాయి. తెరిచి మూసేశాను. అప్పుడు ఫోన్ మోగింది. చేసింది బాపే.

"బళ్ళె కెల్లి వచ్చినవా?"

"వచ్చిన బాపూ."

"అన్నం తిన్నవా?"

"తింట."

ఇప్పుడు అవ్వకిస్తాడని ఎదురుచూశాను. ఇవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడైంది. ఇంకో కుర్చీ కూడా జరిగింది.

"మీ అవ్వ గూడ కూసున్నది" అన్నాడు. "ఆ దినం కప్పు ఎట్ల కూలిందో చెప్త, వింటవా?"