తొట్టిలో పండుగప్ప

మా ఇంటికొచ్చిన మొట్టమొదటి గెస్టుగారు పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, గోదారికేసి చూస్తూ మాటాపలుకూ లేకుండా ఉండిపోయేరండి. గోదారి అందం చూసి మైమరిచిపోయేరనుకుంటున్నారా? కాదండి బాబూ! ఆ ఘనకార్యం నాది. టీ తాగుతూ వినండి. పొలమారితే మాత్రం నన్ననొద్దు.

మా ఆయన కువైట్ నుంచి వచ్చేసేక మళ్ళీ వెళ్ళనంటే వెళ్ళనన్నారు. సఖినేటిపల్లి పక్కన గోదారి గట్టు మీద మాకున్న కొబ్బరితోటలో రెండు గదులేసి, హోమ్‌స్టే అని బోర్డు పెట్టేరు. దాని కింద 'ఎకో టూరిజం' అని ఇంకో ముక్క.

"అంటే ఏంటండీ?" అనడిగేను.

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం."

ఓస్, అంతేనా! మా వంటింటి కుళాయి పాడై ఎన్నాళ్ళయిందో, ఈయన దాన్నీ ఉన్నట్టే ఉంచేరు. అప్పట్నించీ ఎకో టూరిజమే చేస్తున్నామన్నమాట, నాకే తెలీలేదు.

పోయిన నెల హైదరాబాదు నుంచి ఓ రిటైరైన సార్, మేడంగారూ దిగేరు. మొదటి గెస్టులు కదండీ, మా ఇద్దరికీ కాళ్ళు నేలమీద ఆనలేదు. "వీళ్ళు మంచి రివ్యూ పెడితేనే మనకి నలుగురూ వస్తారు. లేకపోతే నేను మళ్ళీ విమానం ఎక్కాల్సిందే" అని మా ఆయన ఒకటే హెచ్చరికలు.

సార్‌గారికి గాలమేయడం పిచ్చి. ఆయన కార్లోంచి దింపిన గాలాలు చూసి, పక్కింటి సుబ్బలక్ష్మి పిన్నిగారు "ఇవేంటే అమ్మాయ్, టీవీ యాంటెన్నాలా?" అన్నారు. పైగా ఆయనకో రూలు. చేపని పట్టాలి, ఫొటో తియ్యాలి, బతికుండగానే వదిలెయ్యాలి. స్పోర్ట్ ఫిషింగంటే అదేనట. ఈ మాట చెప్తే పిన్నిగారు బుగ్గ నొక్కుకున్నారు.

"వదిలెయ్యడానికైతే పట్టడం దేనికే? చేపకి మాత్రం పనీపాటా ఉండదా?"

మొదటి రోజు ఆయన గాలానికి ఏమీ పడలేదు. నా బాధ నాది. గోదారి ఒడ్డుకొచ్చి బీరకాయ కూర తిని వెళ్ళేరంటే మా జిల్లాకే అప్రదిష్ట కదండీ! మార్కెట్లో మంచి చేప దొరకలేదు. రొయ్యలు మేడంగారికి పడవు.

రెండో రోజు పొద్దున్నే మా ఆయనా, సార్‌గారూ పడవేసుకుని మడ అడవుల వైపు వెళ్ళేరు. మేడంగారు ఆటో మాట్లాడుకుని అంతర్వేది గుడికి వెళ్ళేరు. నేను పిన్నిగారింట్లో కొబ్బరి కోరు తీస్తుంటే ఫోను మోగింది. మా ఆయన! గొంతులో కంగారు.

"ఒసేయ్, మన తొట్టిలో పండుగప్ప ఉంది. మేడంగారి ఆటో పాడై లైట్‌హౌస్ దగ్గర ఆగిపోయిందట. సార్‌గారూ నేనూ కార్లో వెళ్ళి తీసుకొచ్చేస్తాం. ఈలోగా నువ్వు కాస్త ఆ చేప సంగతి చూడు."

"ఆయ్, చూస్తానండి" అన్నాను.

అంతే. ఫోను పెట్టేసేరు.

నేనూ పిన్నిగారూ పరుగెత్తుకెళ్ళి చూసేం. గేదెలు నీళ్ళు తాగే సిమెంటు తొట్టిలో, నా చేతి పొడుగున్న పండుగప్ప! వెండి పళ్ళెంలా తళతళలాడుతోంది. తోకతో ఒక్కటి కొట్టిందంటే నా జాకెట్టంతా తడిసిపోయింది.

"పిన్నిగారూ, ఆయన వదిలేస్తారన్నారు కదా?" అన్నాను.

"వదిలేసే చేపని ఇంటికెందుకు తెస్తారే? నిన్నటి నీ బీరకాయ కూర తిని ఆయనకి బుద్ధొచ్చుంటుంది."

ఇందులో ఎక్కడైనా తప్పుందా చెప్పండి! నాకు కనిపించలేదు.

పిన్నిగారు కత్తిపీట ముందు కూచున్నారు. బూడిద వేసి తోమి, ఉప్పూ పసుపూ వేసి కడిగేం. మంచి పులుసుకి ముక్క ఎంతుండాలో అంత కోసేరు. నేను చింతపండు పిసికి, ఉల్లిపాయ నూరి, మట్టి దాక పొయ్యెక్కించేను. నాలుగు బెండకాయలు కూడా వేసేను. గేదెలకి నీచు వాసన తగలకూడదు కదాని తొట్టి కూడా శుభ్రంగా కడిగి బోర్లించినంత పని చేసేను.

కారొచ్చి ఆగింది. సార్‌గారు మెడలో పెద్ద కెమెరా వేసుకుని, చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి పరుగు. తర్వాత తెలిసిందేంటంటే, ఆ కెమెరా పొద్దుట మేడంగారితో గుడికి వెళ్ళిపోయిందిట. ఇంత చేప పడేసరికి, ఫోనులో తీసే ఫొటో చాలదు, పెద్ద కెమెరాతోనే తియ్యాలి, తీసేకే వదలాలి అని తొట్టిలో దాచిపెట్టుకున్నారన్నమాట.

సార్‌గారు తొట్టిలోకి తొంగి చూసేరు.

"నీళ్ళు మార్చావా అమ్మా?"

"లేదండి, పారబోసేనండి."

"మరి చేప?"

"పొయ్యి మీదుందండి. ఇంకొక్క పొంగొస్తే దింపేస్తాను. ఆకలేస్తోందాండి?"

అదిగో, అప్పుడే సార్‌గారు ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు. నాకింకా అర్థం కాలేదండీ! పులుసు వాసనకి కళ్ళు తిరిగేయనుకుని మజ్జిగ తెచ్చిచ్చేను.

మా ఆయన మొహం చూసేక విషయం బుర్రకెక్కింది.

"నేను చూడమన్నానే!"

"చూసేను కదండీ!"

"చూడమంటే... చూడమని!"

"మొన్న పనసకాయ సంగతి చూడమంటే కూర వండలేదా? అప్పుడు రెండుసార్లు వేయించుకుని తిన్నారు కదా, ఏమైనా అన్నారా?"

ఈలోగా పిన్నిగారు వంటింట్లోంచి పళ్ళెం పట్టుకుని వచ్చేరు. పళ్ళెంలో చేప తలకాయ. "తల ఇంకా వెయ్యలేదండి బాబుగారూ. ఫొటో కావాలన్నారంట కదా, తీసేసుకోండి. తర్వాత పులుసులో వేసేద్దారి" అన్నారు. పాపం, ఆవిడ నిజంగా సాయం చేద్దామనే అన్నారండి!

మా ఆయన కళ్ళు మూసేసుకున్నారు. నాకు కువైట్ విమానం కనిపించింది. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు నవ్వు వినిపించింది. మేడంగారు! గుమ్మం పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు.

"పెళ్ళయినప్పట్నుంచీ ఈయన చేపలు పడుతూనే ఉన్నారమ్మా. ఒక్కటంటే ఒక్కటి నా కంచంలో పడలేదు. వడ్డించు తల్లీ, వడ్డించు!"

సార్‌గారు పెరుగన్నం చాలన్నారు. నేను తలొంచుకుని, "క్షమించండి సార్, బుద్ధి తక్కువై వండేసేను" అన్నాను. ఆయన పెరుగన్నం కలిపేరు. పక్కన మేడంగారు ముక్క నోట్లో పెట్టుకుని "అబ్బ!" అన్నారు. కాసేపటికి సార్‌గారు కంచం ఇటు జరిపి, "ముక్కొద్దు. కాస్త పులుసు మాత్రం వెయ్యమ్మా" అన్నారు. వేసేను. పులుసుతోపాటు నడిమి ముక్క కూడా జారిపడింది. ఆయన తియ్యమనలేదు.

తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "ఇంకాసేపుంటే గోదాట్లో ఉండేది" అన్నారు మెల్లిగా. "ఆయ్" అన్నాను.

మర్నాడు ఇంకా పెద్దది పడిందిట. ఒడ్డుకే తేలేదు. ఫొటో కూడా వద్దని, నడి గోదాట్లోనే వదిలేసి వచ్చేరు. పడవ దిగి రెండు చేతులూ బార్లా చాపి "ఇంత!" అని చూపించేరు. మా ఆయన సాక్ష్యం చెప్పినా మేడంగారు నమ్మలేదు. నేను నమ్మేను. ఫొటో లేకుండా పోయింది నా మూలానే కదా మరి!

వెళ్ళేటప్పుడు మేడంగారు నా చెవిలో పులుసు కొలతలడిగేరు. సార్‌గారు నవ్వుతూనే కారెక్కేరు. హమ్మయ్య అనుకున్నాం.

వారం తిరిగేసరికి రివ్యూ వచ్చింది. "గోదావరి అద్భుతం. భోజనం ఇంకా అద్భుతం. ఇంటివాళ్ళు బంగారంలాంటి మనుషులు. కానీ పట్టిన చేపని ఇంటావిడకి అప్పజెప్పి పక్కకి మాత్రం వెళ్ళకండి." కింద నాలుగు స్టార్లు.

మా ఆయన ఫోను నా మొహం ముందు పెట్టి, "అయిదోది ఏదే?" అనడిగేరు.

ఏం చెప్తానండి! "దాన్ని కూడా పులుసు పెట్టేసేనండి" అన్నాను.